అడుగున రాసిన సంవత్సరాలు

మా అమ్మమ్మగారింటి బొమ్మల కొలువులో ఏ బొమ్మనెత్తి అడుగు చూసినా అక్కడో సంవత్సరం పేరు ఉంటుంది. విభవ. శుక్ల. ప్రమోదూత. అంకెలు ఉండవు. సంక్రాంతి కొలువులో ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేరాలన్న ఆనవాయితీ చాలా ఇళ్లలో ఉంది. చేరిన బొమ్మ అడుగున ఆ ఏటి పేరు రాయడం మాత్రం మా తాతమ్మ పెట్టిన పద్ధతి. మా ఊళ్లో ఇంకెవరింట్లోనూ చూడలేదు.

తాతమ్మంటే మా అమ్మమ్మకు అత్తగారు. పుట్టిల్లు ధవళేశ్వరం. వీరేశలింగంగారు 1874లోనే ఆడపిల్లలకు బడి పెట్టిన ఊరది, అక్కడి ఆడపిల్లలకు అక్షరమ్ముక్క వింతేమీ కాదు. అంత చదువు వచ్చిన మనిషి మెట్టినింటికి వచ్చాక రాసినవి మూడే: అన్నగారికి ఉత్తరాలు, చాకలిపద్దు, బొమ్మల అడుగున ఈ పేర్లు. ఉత్తరాలూ పద్దులూ ఎప్పుడో పోయాయి. ఆవిడ దస్తూరీ చూడాలంటే ఇప్పుడు బొమ్మల్నే తిరగెయ్యాలి. గుండ్రటి అక్షరాలు, తలకట్లు కాస్త పొడుగ్గా లాగి ఉంటాయి.

తెలుగు సంవత్సరాలు అరవై, ఆ తర్వాత మళ్లీ మొదటికొస్తాయి. విభవ అంటే 1928-29 కావచ్చు, 1988-89 కావచ్చు. ఏడాది మారేది ఉగాదికి, కొలువు పెట్టేది జనవరిలో. కాబట్టి తాతమ్మ రాసిన విభవ సంక్రాంతి 1929 జనవరిది. ఈ లెక్క మా మావయ్యకు కంఠతా వచ్చు. మాకు పంచాంగం నేర్పింది కూడా ఈ బొమ్మల మీదే. "ఈశ్వర తర్వాత ఏవిటే?" అని అడిగేవాడు. చెప్పినవాళ్లకు ఆ ఏటి బొమ్మను భోషాణంలోంచి తీసే హక్కు దక్కేది. "బహుధాన్య!" అని అరిచి, గుడ్డ విప్పి చూస్తే మట్టి చిలక వచ్చిందని ఏడ్చిన రోజులున్నాయి.

అసలు మొదటి బొమ్మల మీద ఏ పేరూ లేదు. అవి తాతమ్మ పెళ్లికి పుట్టింటివాళ్లిచ్చిన మరపాచి బొమ్మలు, అయ్యవారూ అమ్మవారూ, తిరుపతి ఎర్రచందనం జంట. జానెడు ఎత్తు. ఎరుపు పోయి నల్లబడ్డాయి. చేతులు ఒంటికి అంటుకుని, ముక్కు అరిగి, కళ్లు గీతల్లా మిగిలాయి. తాతమ్మ తన పిల్లలకు దెబ్బ తగిలి వాచినప్పుడు అయ్యవారి బొమ్మ వీపు సానమీద అరగదీసి ఆ గంధం పట్టు వేసేదట. అందుకే అయ్యవారి వీపు ఇప్పటికీ పల్లంగా ఉంటుంది. ఇంకే బొమ్మ ఎక్కినా ఎక్కకపోయినా కొలువులో ముందు ఈ జంట కూర్చోవాలి. ఏటా కొత్త బట్టలు కూడా వీళ్లిద్దరికే. అమ్మమ్మ జాకెట్టు గుడ్డల్లో మిగిలిన పీలికలతో అమ్మవారికి చీర, మావయ్య పాత పంచె అంచుతో అయ్యవారికి పంచె. ఆ అరచేతి వెడల్పు చీరకి కుచ్చిళ్లు పెట్టడం అమ్మమ్మకొక్కదానికే చేతనయ్యేది.

పేరు రాసినవాటిలో మొదటివి కొండపల్లి దశావతారాలు. పదీ ఒక్కసారి కొనలేదు. ఏడాదికొక అవతారం. విభవలో మత్స్యం మొదలుపెట్టి, ఈశ్వరలో కల్కి గుర్రమెక్కి వచ్చేసరికి పదేళ్లు పట్టింది. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్లినప్పుడు బొమ్మల దుకాణంలో కొనడం, పదకొండు నెలలు దాచి సంక్రాంతికి కొలువులో పెట్టడం. వేరువేరు ఏళ్లలో, వేరువేరు చేతులు చేసినవి కావడంతో పది అవతారాలకూ పొంతన కుదరదు. వరాహం కన్నా కూర్మం పెద్దది. పరశురాముడికీ రాముడికీ ఒకే మీసం. ఇప్పుడు ఎగ్జిబిషన్లలో అట్టపెట్టెలో పది అవతారాలూ ఒకే ఎత్తున, ఒకే నవ్వుతో అమ్ముతున్నారు. నాకైతే అవి చూస్తే బడిపిల్లల వరస గుర్తొస్తుంది. మా తాతమ్మ దశావతారాల్లో ఎవరి మొహం వారిదే.

భోగి ముందురోజు మధ్యాహ్నం బొమ్మలు దింపేవారు. అటకమీద రెండు ట్రంకు పెట్టెలు, కింద గదిలో పెద్ద భోషాణం. పాత పంచెల ముక్కల్లో, ఆంధ్రపత్రిక కాగితాల్లో చుట్టి, మధ్యమధ్య వసకొమ్ములూ ఎండు వేపాకూ వేసి ఉండేవి. మూత తీయగానే వచ్చే ఆ ఘాటుకి వరసగా తుమ్ములు. పిల్లలం బొమ్మలకంటే ముందు కాగితాల మీద పడేవాళ్లం, సగం చిరిగిన సీరియల్ ఏ బొమ్మ చుట్టూ ఉందో వెతుక్కోడానికి. "ఒసేయ్, చదువుకోడానికి కాదే మిమ్మల్ని పిలిచింది! తడిచేత్తో ముట్టుకుంటే వీపు చీరేస్తాను" అని అమ్మమ్మ కేక. కాగితాలు పారేయకూడదు, మడతపెట్టి మళ్లీ అదే పెట్టెలో పెట్టాలి. దేనికి చుట్టినది దానికే చుట్టాలన్న పట్టింపొకటి, ఎందుకో అడిగితే సమాధానం ఉండేది కాదు.

మెట్లంటే ఇప్పటిలా మడతపెట్టే ఇనప స్టాండ్లు కావు. అడుగున బల్ల, దానిమీద బియ్యం డబ్బాలు, వాటిమీద పీటలు, అన్నిటికీ పైన తెల్లటి పంచె. మెట్లు బేసి సంఖ్యలోనే ఉండాలి. మా ఇంట్లో ఐదు. పై మెట్టు దేవుళ్లది, కింద మెట్టు సంతది: కూరగాయలమ్మే మనిషి, తాడిచెట్టు ఎక్కిన గీతకార్మికుడు, ఎడ్లబండి, లక్కపిడతలు. నేలమీద పిల్లల రాజ్యం. వారం ముందే మూకుళ్లలో మెంతులు చల్లి మొలిపించినది పొలం. విరిగిన అద్దం ముక్క చెరువు. అద్దం అంచు కనపడకుండా ఇసక పొయ్యడంలో మా పిన్ని చెయ్యి తిరిగినది. చెరువులో బాతు పెట్టాలా పడవ పెట్టాలా అని ఏటా గొడవే.

భోగినాటి సాయంత్రం చిన్నపిల్లలకి భోగిపళ్లు పోసేవాళ్లు. పేరంటం పిలుపులకు ఆడపిల్లల్ని తరిమేవారు. కుంకుమభరిణ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, బొట్టు పెట్టి, "మా ఇంట్లో బొమ్మల కొలువండీ, పేరంటానికి రమ్మంది మా అమ్మమ్మ" అని చెప్పాలి. వచ్చినవాళ్లకు పసుపు, కుంకుమ, తాంబూలంలో నానబెట్టిన శనగలు, ఇంట్లో చేసిన పాకుండలు రెండు. వచ్చిన ప్రతివాళ్లూ చూసేది ఒక్కటే, ఈ ఏడు కొత్త బొమ్మ ఏదని. చూపించాక అడుగు కూడా చూపించమనేవారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మగవాళ్లు వెళ్లి వచ్చేవరకూ కొలువు కదిలేది కాదు. ఆ రాత్రి హారతిచ్చి, ఒక బొమ్మను పడుకోబెట్టి, మర్నాడు సర్దేవారు. పడుకోబెట్టేది మరపాచి అమ్మవారినే. అయ్యవారు కూర్చునే ఉండేవారు. ఆయనకి నిద్ర అక్కర్లేదా అని అడిగితే "మగాడికి ఏం పని చేశాడని నిద్ర?" అంది అమ్మమ్మ.

పేర్ల వరస చదువుతూ పోతే మధ్యలో కొన్ని దొరకవు. చిత్రభాను తర్వాత స్వభాను లేదు. నందన తర్వాత విజయ లేదు. చిన్నప్పుడు ఆ బొమ్మలు పగిలిపోయాయనుకునేదాన్ని. ఓసారి మావయ్యను అడిగాను. ఇంట్లో పెద్దవాళ్లు పోతే ఏడాదిపాటు పండగలుండవు, కొలువూ ఉండదు, కాబట్టి ఆ ఏటికి బొమ్మ ఉండదు. స్వభానులో తాతమ్మ భర్త పోయారు. విజయలో తాతమ్మే పోయింది. ఎవరు ఏ ఏడు పోయారో మా ఇంట్లో ఎక్కడా రాసి ఉండదు. తద్దినాలకు తిథి కావాలి గానీ సంవత్సరంతో పనిలేదు. ఎప్పుడైనా ఆ లెక్క కావలసివస్తే అత్తయ్య వెళ్లి బొమ్మలు వరసగా పేర్చి లేని పేరు చెబుతుంది.

పేరు లేకుండా కొలువులో చేరిన బొమ్మ ఇంకొకటుంది. రంగూన్ బొమ్మ. తాతగారి తమ్ముడు ఆ రోజుల్లో మా వైపువాళ్లు ఎంతోమంది వెళ్లినట్టే స్టీమరెక్కి రంగూన్ వెళ్లి, అక్కడొక మిల్లులో గుమాస్తాగా ఉండేవాడు. ఊరివాళ్లెవరో కాకినాడ వస్తుంటే వాళ్ల చేత పంపాడు. గులాబి బుగ్గలు, నీలి కళ్లు, ఊగే చేతులున్న సెల్యులాయిడ్ పాప. వీపు మీద మేడిన్ జపాన్ అని అచ్చు. కానుకగా వచ్చినదానికి పేరు రాయకూడదు, ఇంటి డబ్బుతో కొన్నదానికే రాయాలని తాతమ్మ నియమం. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. మూడు వారాల్లో సంక్రాంతి. ఉత్తరం లేదు, మనిషి బతికున్నాడో లేదో తెలియదు. ఇంట్లోవాళ్లు కొలువు వద్దన్నారు. తాతమ్మ వినలేదు. "పెట్టకపోతే వాడు పోయాడని మనమే అన్నట్టు" అందట. విషు అని రాసి ఉన్న బొమ్మ మా కొలువులో అన్నిటికన్నా చిన్నది, బొటనవేలంత మట్టి వినాయకుడు. ఆ వేసవిలో మనిషి గడ్డంతో, ఒంటిమీద బట్టలతో తిరిగొచ్చాడు. పదేళ్ల సంపాదనలో ఇల్లు చేరింది అంతకుముందు పంపిన ఆ జపాన్ పాప ఒక్కటే.

ఆ పాప దగ్గర కర్పూర హారతి ఇవ్వనిచ్చేది కాదు అమ్మమ్మ, నేతివత్తే. సెల్యులాయిడ్‌కి నిప్పు తగిలితే క్షణంలో భగ్గుమంటుంది. అసలు దాన్ని తయారుచేయడానికే కర్పూరం వాడతారు. కర్పూరం చెట్లున్న తైవాన్ అప్పట్లో జపాన్ చేతిలో ఉండేది, ఆ బొమ్మలు జపాన్ నుంచి ప్రపంచమంతా వెళ్లడానికి అదో కారణం. ఇదంతా నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నది. అమ్మమ్మకు తెలిసింది వేరే దారిలో. పాప బుగ్గని బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూపించేది. నిజంగానే పూజగది వాసన వచ్చేది.

మా అమ్మ పుట్టింది సర్వజిత్‌లో, దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడాది కార్తీకంలో. ఆ సంక్రాంతి బొమ్మ గాంధీగారు. కాల్చిన మట్టిబొమ్మ, మూరెడు లేదు గానీ బరువు. బాసింపట్టు వేసుక్కూర్చుని, చేతిలో పుస్తకం, మొహాన తీగ కళ్లజోడు. 1948 సంక్రాంతికి పేరంటాళ్లందరూ ఆయనకే పసుపూ కుంకుమా పెట్టబోతే, మగాయనకి ఎందుకని తాతమ్మ నవ్విందట. కనుమ వెళ్లిన రెండు వారాలకు జనవరి 30. కబురు తెలియగానే అమ్మమ్మ భోషాణం తెరిచి, చుట్టిన గుడ్డ విప్పి, గాంధీగారిని మళ్లీ పీటమీద కూర్చోబెట్టి పదోరోజు దాకా దీపం పెట్టింది. పక్కన ఉయ్యాల్లో మా అమ్మ, మూడు నెలలైనా నిండని పిల్ల. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ అమ్మమ్మ గొంతు మామూలుగానే ఉండేది. కళ్లజోడు ఆ రోజే పోయిందని మాత్రం బాధపడేది.

1986 ఆగస్టు వరద గోదావరి జిల్లాల్లో ఎవరింట్లో అడిగినా చెబుతారు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఊరు వైనతేయ పాయ ఒడ్డు. అంతకు నెల ముందే వానలకు పెంకులు కారుతున్నాయని అటకమీది పెట్టెలు కూడా కిందికి దింపి భోషాణం పక్కన పెట్టారు. నీళ్లు కిటికీల దాకా వచ్చాయి. ఇంటిల్లిపాదీ బడి డాబామీద తలదాచుకుని, నీళ్లు తీశాక వచ్చి చూసుకున్నారు. మేము వెళ్లేసరికి ఇంకా వాకిట్లో బురద చెక్కుతున్నారు.

భోషాణంలో పచ్చిమట్టి బొమ్మలు లేవు. అంటే ఉన్నాయి, అడుగున మోకాటి మందం ఒండ్రులో ఏది గోదావరి మట్టో ఏది బొమ్మల మట్టో తెలియకుండా కలిసిపోయాయి. విషు వినాయకుడు మాత్రం విచిత్రంగా లక్కపిడతల్లో ఇరుక్కుని బతికాడు. కాల్చిన బొమ్మలకు రంగు పోయింది. గాంధీగారి తెల్లపంచె ఇటికరంగుకి తిరిగింది, అప్పట్నుంచీ అదే రంగు. మరపాచి జంటకి ఏమీ కాలేదు. కొండపల్లి బొమ్మలు మాత్రం విడిపోయాయి. విరగలేదు, విడిపోయాయి. ఆ బొమ్మల్ని ఒకే చెక్కలోంచి చెక్కరు. ఒళ్లు వేరు, చేతులు వేరు, కిరీటం వేరు చేసి చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, సున్నపు పూత వేసి, దానిమీద రంగులు దిద్దుతారు. రెండురోజులు నీళ్లలో నానేసరికి జిగురు కరిగి, తయారుచేసేటప్పుడు ఎన్ని ముక్కలుగా ఉన్నాయో అన్ని ముక్కలుగా నీళ్లమీద తేలాయి. తెల్ల పొణికి కర్ర బెండులాంటిది, మునగదు. ఏనుగు కాళ్లు, తొండం, అంబారీ పైకప్పు, నరసింహస్వామి నాలుగు చేతులు, కల్కి కత్తి. అత్తయ్య చేటతో పట్టి ఎండబెట్టింది.

అమ్మమ్మ ముందుగా చూసింది ముక్కల అడుగులు. తాతమ్మ రాతలు చెక్కుచెదరలేదు. ఆవిడ కరక్కాయ, అన్నభేది వేసి ఇంట్లోనే కాచుకున్న సిరాతో రాసింది, అది కర్రలోకి దిగిపోయింది. విజయ తర్వాత నుంచి రాసినది అమ్మమ్మ. తాతగారి కచేరీ తాలూకు కాపీయింగ్ పెన్సిలుతో. ఆ పెన్సిలు రాత పొడిగా ఉంటే బూడిదరంగు, తడిస్తే ఊదారంగు. జయ, మన్మథ, దుర్ముఖి అన్నీ ఊదా మరకలై పాకిపోయాయి. కొన్ని చదవచ్చు, కొన్నిటికి మరకే మిగిలింది. అమ్మమ్మ కాసేపు చూసి, "మా అత్తగారి చెయ్యే గట్టిది" అని లేచిపోయింది.

ఆ శీతాకాలం మావయ్య ముక్కలన్నీ గోనెసంచిలో వేసుకుని కొండపల్లి వెళ్లాడు. నేనూ వెంటపడ్డాను. విజయవాడలో దిగి బస్సు మారి, ఖిల్లా కింద బొమ్మలు చేసేవాళ్ల ఇళ్లకు వెళ్లాం. అరుగుల మీదే పని. ఓ ముసలాయన సంచి బోర్లించి, ముక్కల్ని రంగు బట్టి కాదు, కోసిన తీరు బట్టి వేరుచేశాడు. ఏనుగు తొండం చేతిలో తిప్పుతూ, "ఇట్టా ఒంపు ఇప్పుడెవరూ తియ్యట్లేదు బాబూ. ఇది బాడిసెతో తీశారు, ఆకురాయి ముట్టుకోలేదు" అన్నాడు. పొగమీద ఆరబెట్టిన కొత్త పొణికి దుంగలు పక్కనే ఉన్నాయి. పట్టుకోమని నాకొకటిచ్చాడు. అంత దుంగా ఒంటిచేత్తో లేచింది. అడుగుపలకలు మార్చవద్దని మావయ్య మరీమరీ చెప్పాడు. మారిస్తే పాత రాత పోతుందని ఆయనకి చెప్పనక్కర్లేకపోయింది, తిప్పి చూసి తనే చదివాడు: "ప్రమాది."

సంక్రాంతికి బొమ్మలొచ్చాయి. ఒక్క వామనుడి గొడుగే దొరకలేదు, కొత్తది చేశాడు. కానీ పైన ఎనామెల్ రంగు వేశాడు. అమ్మమ్మకు నచ్చలేదు. "ఏవిటిది, నిగనిగలాడిపోతున్నారు అందరూ, అభ్యంగనం చేసొచ్చినట్టు!" అంది. నిజమే, పాత రంగుల్లో ఉన్న మెత్తదనం పోయింది. అయినా అవి లేకపోవడం కన్నా నయం అనుకున్నాం. ఆవిడ మాత్రం చివరిదాకా అనుకోలేదు.

ఆ తర్వాత రెండేళ్లకు మళ్లీ విభవ వచ్చింది. 1989 జనవరి. తాతమ్మ మొదటి మత్స్యం పెట్టి అరవయ్యేళ్లు. మనుషులకి చేస్తే కొలువుకెందుకు చెయ్యకూడదని అమ్మమ్మ షష్టిపూర్తి అంది. ఊరంతా పిలిచింది. ఆ ఏటి బొమ్మ ఎంచమని నాకు చెప్పింది. నేను విశాఖలో చదువుకుంటున్న రోజులు. ఏటికొప్పాక లక్కబొమ్మ తెచ్చాను, అంకుడు కర్రతో చేసిన పసుపుపచ్చ ఎద్దుబండి. తిరుగుతున్న కర్రకి లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. కొండపల్లి ఎడ్లబండి పక్కన అది పిల్లబండిలా ఉంది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రా శకటం ఏటికొప్పాక బొమ్మలదే అయినప్పుడు టీవీ ముందు కూర్చుని మా బండి కోసం వెతికాను, ఊరికే. ఆ రోజు అమ్మమ్మ మత్స్యాన్నీ లక్కబండినీ పక్కపక్కన బోర్లించి, పేరంటాళ్లకి రెండు విభవలూ చూపించింది. రెండోది బాల్‌పెన్‌తో నా చేత రాయించింది. నా అక్షరాలు బాగోలేదని అందరిముందూ అంది కూడా.

ఆవిడ ఆరోగ్యం తగ్గాక పంపకాల మాట వచ్చింది. ఇల్లూ పొలమూ మావయ్యవి, దాంట్లో ఎవరికీ పేచీ లేదు. కొలువూ ఇంటిదే, కోడలిదే. మా అత్తయ్యకే చెందాలి. కానీ కూతుళ్లు ముగ్గురికీ ఒక్కొక్క బొమ్మ కావాలి. ఏనుగంటే ముగ్గురికీ ప్రాణం. ఒక మధ్యాహ్నమంతా మాటలు పెరిగి, భోజనాల దగ్గర ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. సాయంత్రం అమ్మమ్మ మంచం మీంచే తీర్పు చెప్పింది: ఎవరు పుట్టిన ఏటి బొమ్మ వాళ్లది.

దొడ్డమ్మ పుట్టింది ప్రమాదిలో. ఏనుగు ఆవిడకు పోయింది. మా అమ్మకి గాంధీగారు. అమ్మ పైకి ఏమీ అనలేదు గానీ బస్సులో వస్తూ, "అందరికీ స్వతంత్రం వచ్చింది, నాకు మాత్రం ఏనుగు రాలేదు" అంది. ఇక పిన్ని. పిన్ని పుట్టింది విజయలో.

"మరి నాదేదే అమ్మా?"

"నీ ఏడాది మా అత్తగారు పోయారు కదే."

పిన్ని అప్పటికి నలభై దాటిన మనిషి, బ్యాంకులో ఆఫీసరు. చిన్నపిల్లలా కళ్లనీళ్లు పెట్టుకుంది. అత్తయ్యే లోపలికి వెళ్లి రంగూన్ పాపను తెచ్చి ఒళ్లో పెట్టింది. "వదినా, దీనికి ఏడాది లేదు, నీకు బొమ్మ లేదు. పుచ్చుకో" అంది. ఇప్పటికీ విశాఖలో పిన్ని దగ్గరే ఉంది. సెల్యులాయిడ్ ముసలిదైతే పసుపుబారి, బీటలిచ్చి, పక్కనున్న లోహాన్ని కూడా తినేస్తుందట. పాప గౌనుకున్న పిన్నీసు పచ్చగా చిలుము పట్టింది. పిన్ని దాన్ని గాలాడే అట్టపెట్టెలో విడిగా పెట్టి, ఇంకో బొమ్మను దగ్గరికి రానివ్వదు.

మా అత్తవారిది గుంటూరు వైపు. "మనకి కొలువు ఆనవాయితీ లేదమ్మా" అన్నారు అత్తగారు మొదటి సంక్రాంతికే. లేని ఆనవాయితీ పెట్టకూడదు, ఉన్నది మానకూడదు. కొన్నేళ్లు ఊరుకున్నాను. పాప పుట్టాక ఆవిడే, "ఆడపిల్ల ఉందిగా, దాని పేరున పెట్టుకో" అని దారి చూపించారు. అమ్మ గాంధీగారిని నాకిచ్చింది. నా వరస ధాతతో, అంటే 1997 సంక్రాంతితో మొదలైంది. తాతమ్మ వరసలోనూ ధాత ఉంది, కానీ ఆవిడదీ నాదీ ఒకేచోట పెట్టి చూసే వీలు ఇంతవరకూ రాలేదు. నేను రాసేది ఇండియన్ ఇంక్‌తో. వరద గుర్తుంది మరి.

నా వరసలో ప్లవ లేదు. 2021 వేసవిలో అమ్మ పోయింది. పెళ్లయిన కూతురికి ఏడాది పట్టింపు లేదని అత్తగారు రెండుసార్లు చెప్పారు. నేనే పెట్టలేదు.

శోభకృత్‌కి మా అమ్మాయి పుణె నుంచి చెక్క రాకెట్టు పంపింది, చంద్రయాన్ దిగిన ఏడు కదా అని. అత్తగారు మొహం చిట్లించారు. నాకు నచ్చింది. తాతమ్మ గాంధీగారిని పెట్టిన రోజున అదీ కొత్తే. రాకెట్టు అడుగున మూడు కాళ్లు తప్ప రాయడానికి చోటు లేదు, రెక్కమీద రాయాల్సి వచ్చింది.

అసలు కొలువు ఇప్పుడు అత్తయ్యతో పాటు రాజమండ్రిలో ఉంది. మావయ్య లేడు, ఊళ్లో ఇల్లు అమ్మేశారు. బావ ఉండేది అమెరికాలో. మరపాచి జంటనైనా తీసుకెళ్తానన్నాడు గానీ ఎర్రచందనం దేశం దాటించడానికి సవాలక్ష ఆంక్షలు. అత్తయ్యకి మోకాళ్లు. ఈ సంక్రాంతికి విశ్వావసు బొమ్మ పెట్టి, వచ్చే ఏటి నుంచి తనవల్ల కాదని చెప్పేసింది. తీసుకునేవాళ్లు అన్నీ తీసుకోవాలట. విరిగిన ముక్కల సంచీ, ఊదా మరకల బొమ్మలూ, పాత పేపర్లతో సహా. ఏరుకోవడాలు లేవట. హైదరాబాదులో ఉండే వదిన, మావయ్య కూతురు, సరేనంది. దొడ్డమ్మ కొడుకు ఏనుగును వెనక్కిచ్చేస్తానని గ్రూపులో పెట్టాడు. పిన్ని ఇంకా ఏమీ అనలేదు. ప్రస్తుతానికి చిక్కల్లా భోషాణంతోనే. వదినవాళ్ల అపార్ట్‌మెంటు ఏడో అంతస్తు, లిఫ్టు చిన్నది. మూత ఊడదీస్తే పట్టొచ్చని వడ్రంగి అంటున్నాడట. ఆదివారం రాజమండ్రి వెళ్లి కొలతలు తీసి పంపుతానని చెప్పాను.